ఎవరు తెరిచి చూశారు?

నేను కడప జిల్లా ఆర్ముడ్ రిజర్వు పోలీసులో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు చూసుకునేవాడిగా పనిచేసి రిటైరయ్యాను. త్రీ నాట్ త్రీ, ఎస్‌ఎల్‌ఆర్ రైఫిళ్లు, అధికారుల పిస్టళ్లు విప్పడం, తుడవడం, నూనె పెట్టడం, రిజిస్టరులో లెక్క రాయడం నా పని. బెల్ ఆఫ్ ఆర్మ్స్ అనే ఆయుధాల గదిలోనే నా సర్వీసు సగం గడిచింది. సినిమాల గురించి రాయగలిగేంత నాకు తెలియదు. కానీ సినిమా వాళ్ల చేతిలో ఒకరోజు నేను చూసిన తుపాకీ గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

2022 ఫిబ్రవరి. మా అక్క కొడుకు హైదరాబాదులో అసిస్టెంట్ డైరెక్టర్‌గా పనిచేస్తాడు. స్నేహితులతో కలిసి యూట్యూబ్ కోసం చిన్న సిరీస్ తీస్తూ జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో దిగాడు. మన సీమ కథ అంటే ఏముంటుంది, పాత రాతి మిద్దె, రెండు వర్గాలు, తుపాకీ. ‘వానికి ఓళిగలంటే ఇష్టం, ఇచ్చిరాపో’ అని మా ఇంటావిడ డబ్బా కట్టిస్తే బస్సెక్కాను.

నేను పోయేసరికి మిద్దె ముందు బండల మీద కెమెరా పెట్టి, దాని వెనకాల ఒక అమ్మాయి గొంతుకూర్చుని ఉంది. హీరో కుర్రాడు జోడు గొట్టాల తుపాకీని సూటిగా ఆ అమ్మాయి వైపు ఎక్కుపెట్టి డైలాగ్ చెప్తున్నాడు. మొదట డమ్మీ అనుకున్నాను. కానీ వాని ముంజేయి బరువుకి కిందికి జారుతోంది, మళ్లీ పైకి లేపుతున్నాడు. ఫైబర్ తుపాకీ చేతిని అట్లా లాగదు. రెండడుగులు ముందుకేసి చూస్తే గొట్టం మడత దగ్గర నల్లరంగు అరిగి ఇనుము తెల్లగా మెరుస్తోంది. ఏళ్ల తరబడి తెరిచి మూస్తేనే అట్లా అరుగుతుంది.

‘ఆపండి’ అని అరిచాను. డబ్బా ఎక్కడ పెట్టానో నాకు గుర్తులేదు.

‘యాడిదిరా ఇది?’

‘ఊళ్లో పెద్దాయన లైసెన్స్ గన్ మామా. ఒరిజినల్ అయితే లుక్ బాగుంటాదని అడిగితే ఇచ్చినాడు. ఖాళీదే.’

‘ఖాళీదని ఎవరు చూసినారు?’

మా వాడు ఆర్ట్ డిపార్టుమెంట్ పిల్లవాని వైపు చూశాడు. ఆ పిల్లవాడు, పెద్దాయన కొడుకు ఖాళీదని చెప్పి ఇచ్చినాడన్నాడు. ఆ కొడుకు అక్కడే స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ‘మా నాయన ఎప్పుడూ ఖాళీగానే పెడతాడు సార్’ అన్నాడు. హీరో కుర్రాడు పాపం, ‘నా చేతికిస్తే పట్టుకున్నాను సార్’ అన్నాడు. నలుగురూ నిజమే చెప్పారు. నలుగురిలో ఒక్కరూ తెరవలేదు.

తుపాకీ తీసుకుని, గొట్టం నేల వైపు పెట్టి, మీట తోసి మడిచాను. రెండు గొట్టాలూ ఖాళీ. వెలుతురు వైపు పట్టి చూస్తే ఈ చివర నుంచి ఆ చివరకి శుభ్రంగా ఉన్నాయి. మా వాడు ఊపిరి పీల్చుకుని ‘చూసినావా మామా, ఏమీ ల్యా’ అన్నాడు.

‘ఏమీ లేదని ఇప్పుడు తెలిసింది నాయనా. పొద్దున్నుంచి ఎన్ని టేకులు తీసినారు?’

‘ఆరు.’

‘ఆ ఆరు సార్లు ఎవరికి తెలుసు?’

వాడు మాట్లాడలేదు. నేను అంతటితో వచ్చేసేవాణ్ణి. కానీ అరుగు మీద కూర్చున్న జూనియర్ ఆర్టిస్టు నడుముకున్న తోలు బెల్టు కంటపడింది. అందులో ఎర్ర తూటాలు ఏడు. ఒకటి లాగి అరచేతిలో పెట్టుకున్నాను. బరువుంది. అడుగున ఇత్తడి మధ్యలో ఉండే చిన్న క్యాప్ మీద పిన్ను తగిలిన నొక్కు లేదు. రెండోది తీశాను. మూడోది. ఏడూ లైవ్ తూటాలే, అంటే ఇంకా కాల్చనివి, పేలేవి. అవీ పెద్దాయనవే, బెల్టుతో పాటు వచ్చాయి. తర్వాతి షాట్ ఏమిటని అడిగితే మా వాడు పేపర్ చూపించాడు. హీరో ఆ బెల్టులోంచి రెండు తూటాలు తీసి తుపాకీలో వేసి మూయడం, క్లోజప్‌లో.

నా సర్వీసులో ఎన్నో కాల్పుల ప్రాక్టీసులు చేయించాను. రేంజిలో ఎప్పుడూ చేతులు వణకలేదు. ఆ అరుగు మీద వణికాయి.

దీనికి నాలుగు నెలల ముందే ఒక వార్త నా మనసులో పడి ఉంది. అక్టోబర్ 21 మాకు అమరవీరుల దినం. 1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర పది మంది పోలీసులు ప్రాణాలిచ్చిన రోజు. 2021లో కూడా పొద్దున్నే పరేడ్ గ్రౌండుకి పోయి అమరులకు తుపాకులు తలకిందులు చేసి నివాళి ఇచ్చే శోక్ శస్త్ర చూసి వచ్చాను. సరిగ్గా అదే తేదీన అమెరికాలో న్యూ మెక్సికోలో ‘రస్ట్’ అనే సినిమా సెట్టులో హలీనా హచిన్స్ అనే కెమెరావుమన్ తూటా తగిలి చనిపోయింది. నలభై రెండేళ్ల మనిషి. అదే తూటా డైరెక్టర్ జోయెల్ సౌజా భుజంలో దిగింది. రివాల్వర్ నటుడు అలెక్ బాల్డ్‌విన్ చేతిలో ఉంది. కెమెరా కూడా తిరగడం లేదు, రిహార్సల్ నడుస్తోంది. చేతికిచ్చేటప్పుడు ‘కోల్డ్ గన్’ అన్నారు. పేలేదేమీ అందులో లేదని ఆ మాటకర్థం.

ఉండాల్సినవి డమ్మీ తూటాలు. డమ్మీలో మందు ఉండదు. పక్కన చిన్న రంధ్రమైనా ఉంటుంది, లోపల చిన్న గుండైనా వేస్తారు, చెవి దగ్గర ఊపితే గలగలమంటుంది. ఆరు తూటాలు ఊపడానికి ఒక్క నిమిషం చాలు. ఆ సెట్టులో అసిస్టెంట్ డైరెక్టర్ అన్ని తూటాలూ చూడలేదని, చూసి ఉండాల్సిందని పోలీసులకు చెప్పాడు. వెతికితే ఆ సెట్టులో ఇంకో ఐదు లైవ్ తూటాలు దొరికాయి. ఆయుధాలు చూసుకోవాల్సిన అమ్మాయికి ప్రాపర్టీల పని, అంటే సీన్లలో వాడే సామాన్లు చూసుకునే పని కూడా అప్పజెప్పారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించిన సంగతి ఇది. తుపాకీ దగ్గర ఉండే మనిషికి రెండో పని చెప్పకూడదు. మా బెల్ ఆఫ్ ఆర్మ్స్ సెంట్రీని టీ తెమ్మని పంపే అధికారి ఎవరూ లేరు.

2024లో ఆ అమ్మాయికి కోర్టు పద్దెనిమిది నెలల జైలు వేసింది. బాల్డ్‌విన్ మీద కేసును అదే ఏడాది జూలైలో జడ్జి కొట్టేసింది. తూటాలకు సంబంధించిన సాక్ష్యాన్ని ప్రాసిక్యూషన్ ఆయన లాయర్లకు చూపించలేదన్నది కారణం. కాబట్టి తుపాకీ పట్టుకున్న నటుని బాధ్యత ఎంత అనే ప్రశ్నకు అక్కడ జవాబు రాలేదు. నా జవాబు నేను చెప్తాను. నటుడు ఆయుధం నిపుణుడు కానక్కరలేదు. ‘నా కళ్ల ముందు తెరువు’ అని అడిగితే చాలు. అడిగినందుకు సెట్టులో ఎవరూ విసుక్కోకుండా చూడటం డైరెక్టర్ పని. అడగడానికి టైము ఇవ్వడం నిర్మాత పని. ఆర్మరర్ తప్పు చేసినా ఇంకో ముగ్గురు ఆపగలిగేటట్టు ఉండాలి. ఆ పల్లెలో నలుగురున్నారు, కానీ ఒకరి వెనక ఒకరు దాక్కున్నట్టు ఉన్నారు.

ఇంకొకటి చెప్పాలి, ఇది గొట్టం లోపలి సంగతి. 1993 మార్చిలో బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ లీ షూటింగులో చనిపోయాడు. అప్పుడు రివాల్వర్‌లో ఉన్నది బ్లాంక్, అంటే మందు ఉండి గుండు లేని తూటా. మరి గుండు ఎక్కడి నుంచి వచ్చింది? అంతకుముందు క్లోజప్ కోసం వాడిన డమ్మీలు సరిగ్గా చేయలేదు. మందు తీసేశారు, క్యాప్ మిగిల్చారు. ఆ క్యాప్ పేలిన జోరుకి గుండు గొట్టంలోకి దూరి ఇరుక్కుంది. ఎవరూ చూడలేదు. తర్వాత బ్లాంక్ కాలిస్తే ఆ మందు వెనక నుంచి తోసింది.

దీన్ని మొదటిసారి చదివినప్పుడు నాకు మా పుల్‌త్రూ గుర్తొచ్చింది. తాడు చివర చిందీ గుడ్డ కట్టి గొట్టంలోంచి లాగుతాం. ఏదన్నా అడ్డం ఉంటే తాడు దిగదు. రివాల్వర్‌కైతే రాడ్డు. కాల్చినా కాల్చకపోయినా, తుపాకీ గది దాటి వచ్చిన ప్రతిసారీ లాగించేవాణ్ణి. కుర్ర కానిస్టేబుళ్లు విసుక్కునేవాళ్లు. రేంజి నుంచి వచ్చేటప్పుడు ఒక్కొక్కడూ తన దగ్గర లైవ్ రౌండుగానీ ఖాళీ కేసుగానీ లేదని గట్టిగా చెప్పాలి, చెప్పినా నేను ఖోకాలు (కాల్చిన ఖాళీ కేసులు) లెక్కబెట్టేవాణ్ణి. వాళ్ల మాట నమ్మక కాదు. అలిసిపోయిన మనిషి తెలియకుండా తప్పు చెప్తాడు.

ఆ రోజు తుపాకీని, ఏడు తూటాలను వేరువేరుగా పట్టుకుని, పెద్దాయన కొడుకుని వెంటబెట్టుకుని వాళ్లింటికి పోయాను. లైసెన్స్ ఒకరి పేరున ఉంటే తుపాకీ ఇంకొకరి చేతికి పోకూడదని, 1959 నాటి ఆయుధాల చట్టం కింద ఇచ్చినాయనా తీసుకున్న పిల్లలూ ఇద్దరూ ఇరుక్కుంటారని చెప్పాను. ఆయన పెద్దమనిషే. ‘పిల్లోళ్లు అడిగితే కాదనలేకపోయినాను సార్’ అని బీరువా తాళం నా ముందే వేశాడు. సాయంత్రానికి మా వాళ్లు ప్రొద్దుటూరు నుంచి చెక్క తుపాకీ చేయించుకొచ్చి రంగు పూశారు. మంట, పొగ తర్వాత కంప్యూటర్లో వేసుకున్నారు. ఆ ఎపిసోడ్ నేను చూశాను. ఏ షాట్ ఏ తుపాకీదో నాకే తెలియలేదు.

ఇప్పుడు మా వాడు పెద్ద సినిమాలకు పనిచేస్తున్నాడు. పోయిన నెల ఓర్వకల్లు రాళ్ల మధ్య ఒక సీన్‌కి బ్లాంక్ గన్ తెప్పించారట. పొద్దున ఆరుగంటలకు వీడియో కాల్ చేశాడు. తుపాకీ తెరిచి, సెల్‌ఫోన్ టార్చి వేసి చూపించాడు. నాకు లోపల తూటా పెట్టే గది కనబడింది గానీ గొట్టం కనబడలేదు. ‘లైటు వెనక నుంచి వేసి, ముందు వైపు ఒక తెల్లకాగితం పెట్టు’ అన్నాను. పెట్టాడు. కాగితం మీద గుండ్రంగా వెలుగు పడింది.

‘ఇప్పుడు పట్టుకునే అబ్బాయిని పిలిచి వానికి చూపించు’ అన్నాను.

‘పక్కనే ఉన్నాడు మామా’ అని ఫోన్ తిప్పాడు.