412 యూనిట్ల బిల్లు, ఒక స్మార్ట్ ప్లగ్గు, మిద్దె మీద నుంచి కారిన నీళ్లు

మే నెల కరెంటు బిల్లు 412 యూనిట్లు వచ్చింది. అనంతపురం ఎండల్లో ఏసీ లేకుండా పడుకోలేం, నిజమే, కానీ ఇంట్లో ఉండేది అమ్మా నేనూ ఇద్దరమే. 225 దాటినాక యూనిట్ 8.75 రూపాయలు, 400 దాటితే 9.75, దాని మీద సర్దుబాటు చార్జీలు వేరే. ఇక ఇల్లంతా స్మార్ట్ చేసేద్దామని ఆవేశం వచ్చింది కానీ, ముందు ఏది ఎంత తాగుతోందో తెలుసుకుందామని ఫోన్‌లో వాడకం చూపించే 16 ఆంప్స్ స్మార్ట్ ప్లగ్గు ఒక్కటే కొన్నాను.

దాన్ని వైఫైకి కలపడానికే ఒక సాయంత్రం పోయింది. ఇలాంటివి ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ మీదే కలుస్తాయి, నా ఫోనేమో 5 మీద ఉంది. రౌటర్‌లో రెండింటికీ వేరే పేర్లు పెట్టాక గానీ దారికి రాలేదు.

ఏసీ 20 మీద పెడితే రాత్రికి 7 యూనిట్లు, 24 మీద పెడితే ఐదున్నర. 2009లో కొన్న ఫ్రిజ్ రోజుకు 2.2. ఏసీ తర్వాత పెద్ద దెబ్బ ఫ్యాన్లది, ఇది మాత్రం నేను అనుకోలేదు. పాత ఫ్యాన్ ఒక్కోటి 75 వాట్లు, మూడు ఫ్యాన్లు రోజుకు 18 గంటలు తిరిగితే 4 యూనిట్లు, అంటే నెలకు 120. మూడూ తీసేసి 30 వాట్ల బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని మోటారు) ఫ్యాన్లు పెట్టించాను. పాత రెగ్యులేటర్ అలాగే ఉంచితే ఒకటి గుయ్యిమని మోత, ఆ రెగ్యులేటర్ తీయించి నేరుగా కలిపాక ఆగింది.

తర్వాత స్మార్ట్ స్విచ్‌లు. బోర్డు విప్పి చూసి ఎలక్ట్రీషియన్ అన్న "దీంట్లో న్యూట్రల్ యాడుందప్పా?" అన్నాడు. పాత ఇళ్లలో చాలాచోట్ల స్విచ్ బోర్డు దాకా కరెంటు తెచ్చే ఫేజ్ వైరు ఒక్కటే తెస్తారు, కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ వైరు నేరుగా లైటుకు పోతుంది, స్మార్ట్ స్విచ్ మాత్రం లైటు ఆపినా మేలుకునే ఉండాలి కాబట్టి దానికి రెండూ కావాలి. న్యూట్రల్ లేకుండా పనిచేసేవీ ఉన్నాయంటారు గానీ వాటితో చిన్న ఎల్‌ఈడీ బల్బులు మినుకు మినుకుమంటాయి. పైపుల్లో కొత్త వైరు లాగడానికి రెండు రోజులు పట్టింది, హాలూ నా గదీ చేయించుకుని చాలించాను. నిజం చెప్పాలంటే వీటివల్ల బిల్లు పెద్దగా తగ్గలేదు, మంచం మీద నుంచే లైటు ఆపుకునే సోకు అంతే.

ఇక మోటారు. కుళాయి వచ్చినప్పుడు సంపు నింపుకుని, ఒక హెచ్‌పీ మోటారుతో మిద్దె మీది ట్యాంకుకు ఎక్కిస్తాం. అదే ప్లగ్గు మోటారుకు పెట్టి 25 నిమిషాలకు ఆగేలా టైమర్ పెట్టాను. 746 వాట్లే కదా, 16 ఆంప్స్ ప్లగ్గుకు ఒక లెక్కా అనుకున్నా. పది రోజులు బాగానే నడిచింది. ఒకరోజు ఆఫీసులో ఉండగా ఎదురింటి పెద్దమ్మ ఫోన్: "ఏమప్పా, మీ మిద్దె మీద నుంచి నీళ్లు పోతాండాయి, చూసుకోరా?" ఫోన్‌లో చూస్తే 'ఆఫ్' అనే ఉంది. మళ్లీ ఆన్ చేసి ఆఫ్ చేసినా అదే 'ఆఫ్', నీళ్లేమో కారుతూనే ఉన్నాయి. చివరికి అమ్మ పోయి మెయిన్ ఆపింది. అనంతపురంలో తాగే నీళ్లు రోడ్డు మీదికి వదిలామంటే ఎవరికైనా మొహం ఎట్లా చూపిస్తాం!

మోటారు లేచేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుందట, ఆ దెబ్బకు ప్లగ్గు లోపల కరెంటును కలిపి విడదీసే రిలే కాంటాక్టులు అతుక్కుపోయాయి. యాప్ చూపించేది తను పంపిన ఆర్డరునే, నిజంగా ఆగిందా లేదా అన్నది కాదు. వాట్లు చూపించే పేజీ తెరిచి ఉంటే అప్పుడే తెలిసేది, నాకు తట్టలేదు. ఇప్పుడు మోటారును కాంటాక్టర్ అనే గట్టి స్విచ్ నడుపుతుంది, స్మార్ట్ స్విచ్ ఆ కాంటాక్టర్‌కు సైగ మాత్రమే ఇస్తుంది, ట్యాంకులో నీటి మట్టాన్ని బట్టి పనిచేసే ఫ్లోట్ స్విచ్ కూడా పెట్టించాం. వైఫై ఉన్నా పోయినా ట్యాంకు నిండితే మోటారు ఆగుతుంది. ఫ్లోట్ ఒక్కటే ముందే పెట్టించుంటే సగం ఖర్చు మిగిలేది.

జూన్ బిల్లు 298 యూనిట్లు. దాదాపు వెయ్యి రూపాయలు తగ్గింది. ఇంకో 73 తగ్గితే 225లోకి వస్తాం, అందుకే ఫ్రిజ్ మీద కన్నేశాను. అమ్మ మాత్రం "చల్లగానే ఉంది కదరా, దానికేమైంది?" అంటోంది.