కౌంట్ నార్మలే, రక్తమే ఆగదు

నా ప్లేట్‌లెట్ కౌంట్ ఎప్పుడు చూసినా రెండు లక్షల పైనే. అయినా చిన్నప్పుడు ముక్కు నుంచి రక్తం మొదలైతే ఓ పట్టాన ఆగేది కాదు. ప్లేట్‌లెట్లు సరిపడా ఉన్నాయి, కానీ ఒకదానికొకటి అతుక్కోవు. దీన్ని గ్లాంజ్‌మన్ థ్రోంబాస్థీనియా అంటారు. 1918లో ఒక స్విస్ పిల్లల డాక్టర్ గుర్తించిన జబ్బు, ఆయన పేరే పెట్టారు. అమ్మానాన్నలు ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే వస్తుంది. "మేనరికమా?" అని డాక్టర్ అడగ్గానే, ఆ సంబంధం కలిపిన మా నాన్నమ్మ లేచి బయటికెళ్లిపోయింది.

నాలుగో తరగతిలో దవడ పన్ను పుచ్చి బుగ్గ వాచింది. దగ్గర్లోని క్లినిక్‌లో రిపోర్టు చూసి, "కౌంట్ బాగుందమ్మా, ఇప్పుడే తీసేద్దాం" అన్నారు. అమ్మ నన్ను కుర్చీలోంచి దింపేసింది.

పెద్దాసుపత్రిలో పన్ను ముట్టుకునే ముందే రక్త జబ్బులు చూసే హెమటాలజిస్టు, దంతాల డాక్టరు కూర్చుని మాట్లాడుకున్నారు. ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలు ముందే మొదలుపెట్టారు. గడ్డకట్టిన రక్తాన్ని లాలాజలం కరిగించేస్తుంది, దాన్ని ఈ మందు అడ్డుకుంటుంది. దవడ వెనక లోతుగా ఇచ్చే మత్తు ఇంజక్షన్ వద్దన్నారు. అక్కడ రక్తం చేరితే గొంతు దాకా వాచి ఊపిరి ఆడకపోవచ్చు. అందుకే పన్ను చుట్టూ చిగుట్లోనే ఇచ్చారు. ప్లేట్‌లెట్లు ఎక్కించమని నాన్న ఒకటే పట్టు. ఊరికే ఎక్కిస్తే ఒంట్లో వాటికి విరుగుడు తయారై, నిజంగా అవసరమైనప్పుడు పనిచేయకపోవచ్చని డాక్టరమ్మ చెప్పారు. ఒకే దాత నుంచి తీసినవి సిద్ధంగా ఉంచారు, అంతే. రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ సెవెన్ ఇంజక్షన్ ధర విన్నాక నాన్న ఇంకేమీ అడగలేదు.

పన్ను తీయడం నిమిషాల పని. గుంటలో జెలటిన్ స్పాంజి పెట్టి, కుట్లు వేసి, మందులో తడిపిన గాజుగుడ్డ కొరికి పట్టుకోమన్నారు. పొద్దున్నే చేయడం మంచిదైంది. మధ్యాహ్నానికి కాస్త రక్తం ఊరితే డాక్టర్లంతా అక్కడే ఉన్నారు, మళ్లీ నొక్కిపెట్టగానే ఆగింది. ప్లేట్‌లెట్ల అవసరం పడలేదు. నొప్పికి పారాసిటమాల్ మాత్రమే. రక్తస్రావాన్ని పెంచే ఐబుప్రోఫెన్ ఇంట్లోనే ఉంచొద్దన్నారు. స్ట్రాతో తాగకూడదు, పుక్కిలించకూడదు. చల్లటి పెరుగన్నం తిని తిని విసుగొచ్చింది.

కుట్ల కంటే బ్రష్ విషయంలోనే నాకెక్కువ తిట్లు పడ్డాయి. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని మానేస్తే, గార పట్టి చిగుళ్లు వాచి ఇంకా కారుతుంది. మెత్తటి బ్రష్‌తో రెండుపూటలా తోముతున్నాను, ఆర్నెల్లకోసారి పళ్లు చూపించుకుంటున్నాను. ఆ తర్వాత ఇంకో పన్ను తీయించాల్సిన పని పడలేదు.