భుజం మీద ఒక్క నక్షత్రం, కారు మీద నాలుగు

సైన్యంలో ఆఫీసర్ కావడానికి సీడీఎస్ పరీక్ష రాసేవాళ్లకి ఒక మాట. ఆర్మీ ర్యాంకుల్ని నక్షత్రాలు లెక్కపెట్టి బట్టీ పట్టకండి, నేను ఆరు నెలలు అదే చేసి నష్టపోయాను. ఒక మాక్ టెస్టులో భుజం పట్టీ బొమ్మ ఇచ్చారు, పైన సింహాల చిహ్నం, మధ్యలో ఒక నక్షత్రం, కింద అడ్డంగా కత్తి, బెటన్ (పొట్టి అధికార దండం). ఒక్క నక్షత్రమేగా అని, వన్ స్టార్ ర్యాంకు అనే బ్రిగేడియర్ పెట్టేశాను. అది జనరల్! కారు ప్లేటు మీద నాలుగు నక్షత్రాలుండే ఆయనకి భుజం మీద ఒక్కటే ఉంటుంది.

మా వీధిలో రిటైరైన సుబేదార్ బాబాయ్‌కి చూపిస్తే, "ముందు కత్తి ఉందా లేదా చూడరా, నక్షత్రం సంగతి తర్వాత" అన్నారు. అంతే, చిక్కుముడి విడిపోయింది. కత్తి, బెటన్ ఉన్నాయంటే మేజర్ జనరల్, ఆ పైవాళ్లే. వాటి మీద నక్షత్రం ఒక్కటే ఉంటే మేజర్ జనరల్, సింహాలు మాత్రమే ఉంటే లెఫ్టినెంట్ జనరల్, రెండూ ఉంటే జనరల్. బ్రిగేడియర్‌కి సింహాలు, మూడు నక్షత్రాలు, కత్తి ఉండదు. ఫీల్డ్ మార్షల్‌ని ఫైవ్ స్టార్ అంటాం కానీ భుజం మీద నక్షత్రమే లేదు, సింహాల కింద కత్తీ బెటనూ తామరపూల దండలో ఉంటాయి. ఈ పద్ధతి బ్రిటిష్‌వాళ్ల నుంచి వచ్చింది, 1950లో రిపబ్లిక్ అయ్యాక కిరీటం పోయి సింహాలు వచ్చాయి.

అమెరికాలో మాత్రం లెక్క సూటిగా ఉంటుంది, జనరల్‌కి నాలుగు, జనరల్ ఆఫ్ ది ఆర్మీకి ఐదు. ఈ ఐదు నక్షత్రాల ర్యాంకు 1944 డిసెంబరులో జార్జ్ మార్షల్, మెకార్థర్, ఐసెన్‌హోవర్, ఆర్నాల్డ్‌లకు ఇచ్చారు, 1950లో బ్రాడ్లీకి, ఆ తర్వాత ఎవరికీ రాలేదు. ఫ్రాన్స్ దగ్గర జాగ్రత్త, అక్కడ ఐదు నక్షత్రాల ఆయన మన జనరల్‌తో సమానం. ఏడు నక్షత్రాల మార్షల్ అసలు ర్యాంకే కాదు, గౌరవం.

పేర్లలో ఎక్కువమంది తప్పుచేసేది కరియప్ప దగ్గర. 1949లో తొలి భారతీయ కమాండర్ ఇన్ చీఫ్ ఆయనే కాబట్టి తొలి ఫీల్డ్ మార్షల్ కూడా ఆయనే అనుకుంటారు. కాదు, మానెక్‌షా 1973లో, కరియప్ప 1986లో. వాయుసేనలో అదే స్థాయి ర్యాంకు అర్జన్ సింగ్‌కి 2002లో. నేవీలో ఇప్పటిదాకా ఎవరూ లేరు. ఇంకొకటి, చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ పదవి పెద్దదని ఐదు నక్షత్రాలు పెట్టేయకండి, బిపిన్ రావత్ 2020 జనవరి 1న చేరినప్పటి నుంచీ అది నాలుగు నక్షత్రాల పదవే.