వద్దు అన్నాడు

శనివారం, రాత్రి పదిన్నర.

రెండింటికి పాథాలజీ ప్రాక్టికల్ అయిపోయింది. రికార్డు బ్యాగులో కుక్కుకుని నేరుగా పిల్లల క్యాన్సర్ వార్డుకి వెళ్లిపోయాను. వారానికి రెండు గంటలు, శనివారం మధ్యాహ్నం మాత్రమే. ఇప్పటికి ఐదు నెలలైంది.

ఏప్రాన్, స్టెతస్కోపు బయట లాకర్లో పెట్టేయాలి. వార్డులో వాలంటీర్లకి ఇదే మొదటి నియమం. తెల్ల కోటు కనబడితే చాలు, కొందరు పిల్లలు చెయ్యి దుప్పటి కింద దాచేసుకుంటారు. ఆ తర్వాత వాచీ తీసి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవడం, మాస్కు. జలుబుందా, ఇంట్లో ఎవరికైనా చికెన్‌పాక్స్ వచ్చిందా అని సిస్టర్ అడుగుతారు. కిందటి వారం గొంతు గరగరలాడుతుంటే వెళ్లడం మానేశాను. కీమోతో వీళ్ల న్యూట్రోఫిల్స్, అంటే ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు, మైక్రోలీటరుకి 500 కంటే కిందకి పడిపోతాయి. అప్పుడు 100.4 జ్వరం వచ్చినా ఎమర్జెన్సీయే. అందుకే ఇక్కడికి పూలు రావు, దూది బొమ్మలు రావు, ఎవరి రంగు పెన్సిళ్లు వాళ్లవే.

నేను వెళ్లేది ఒక ఆరేళ్ల బాబు దగ్గరికి. డైరీలో కూడా వాడి పేరు రాయను. ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా, ఒక రకం రక్త క్యాన్సర్. పిల్లల్లో ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదేనని, చికిత్స రెండేళ్లు దాటుతుందని పరీక్ష కోసం బట్టీ పట్టాను. ఆరేళ్లవాడికి రెండేళ్లంటే వాడు బతికిన కాలంలో మూడో వంతు. ఆ లెక్క పుస్తకంలో లేదు.

ఇవాళ పొద్దున వాడికి వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చారు. నేను వెళ్లేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"పజిల్ పెడదామా?"

"వద్దు."

"పోనీ, కథ చదవనా?"

"వద్దు. వెళ్లిపో."

వాళ్లమ్మ మొహం చిన్నబోయింది. "అలా అనకూడదు నాన్నా, అక్క నీకోసమే కదా వచ్చింది" అన్నారు. "పర్లేదండీ" అని, వాడితో మాత్రం "సరే, వెళ్తున్నా. పుస్తకం ఇక్కడ బల్ల మీద ఉంటుంది" అని చెప్పి మంచం దగ్గర్నుంచి లేచి వచ్చేశాను.

మొదటి నెలలో అయితే లేచేదాన్ని కాదు. గొంతులు మార్చి, బొమ్మలాడించి ఎలాగోలా నవ్వించాలని చూసేదాన్ని. నవ్వితే నేను గెలిచినట్టు అనిపించేది. ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంది. వాడికి ఒక రోజు ఎలా గడుస్తుందో చూడండి. తెల్లవారకముందే రక్తం తీస్తారు. ఇంజెక్షన్ ఉన్న రోజు ముందు రాత్రి నుంచీ ఏమీ తిననివ్వరు. మాత్రలు, పుక్కిలించే మందు, బీపీ పట్టీ, మళ్లీ మాత్రలు. వీటిలో దేన్ని వద్దన్నా ఎవరూ ఆగరు, ఆగకూడదు కూడా. వాడు వద్దంటే వెనక్కి వెళ్లగలిగేది ఆ వార్డులో నేనొక్కదాన్నే. ఆ ఒక్క మాటైనా చెల్లాలి కదా.

కాసేపటికి సిస్టర్ నొప్పి కార్డు తెచ్చారు. నవ్వు మొహం నుంచి ఏడుపు మొహం దాకా ఆరు బొమ్మలు, కింద 0 నుంచి 10 వరకూ అంకెలు. వాడు చాలాసేపు చూసి 6 మీద వేలు పెట్టాడు. సిస్టర్ బతిమాలలేదు, "అంత లేదులే" అనలేదు. రాసుకుని వెళ్లి డాక్టరుగారికి చెప్పారు. నాకు చాలా నచ్చింది.

వాళ్లమ్మ నిన్నటి నుంచి స్నానం చేయలేదట. వాడు నిద్ర లేచేసరికి తను కనబడకపోతే ఎలా అని. "నేను తలుపు దగ్గర కూర్చోనా?" అని వాణ్ని అడిగాను. గోడవైపు నుంచే తలూపాడు. ఆవిడ ఇరవై నిమిషాల్లో తడి జుట్టుతో తిరిగొచ్చారు. ఈ ఐదు నెలల్లో నేను చేసిన పనుల్లో ఇంతకంటే అక్కరకొచ్చింది ఉందని నాకు అనిపించదు.

అప్పుడే అడిగారు. "నువ్వూ డాక్టరువే కదమ్మా, ఇది మళ్లీ వస్తుందా?"

అన్ని వసతులూ ఉన్నచోట ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో 80 శాతం కంటే ఎక్కువమంది బతుకుతున్నారని చెప్పాలనిపించింది. సిడ్నీ ఫార్బర్ అనే అమెరికన్ డాక్టర్ గురించి కూడా. 1948లో అమినోప్టెరిన్ అనే మందుతో 16 మంది పిల్లల్లో 10 మందికి కొన్నాళ్లపాటు మెరుగైందని ఆయన ప్రకటించాడు, అంతకుముందు ఈ పిల్లలకి వారాలు, నెలలే మిగిలేవి. ఇవాళ వీడి వెన్నులో ఇచ్చిన మెథోట్రెక్సేట్ ఆ మందుకి దగ్గరి చుట్టమే. అవన్నీ నిజాలే. కానీ ఆవిడ అడిగింది వీడి గురించి. వీడి ఎముక మజ్జ పరీక్షలో ఏముందో నాకు తెలియదు. తెలిసినా చెప్పాల్సింది నేను కాదు.

"ఇది డాక్టరుగారినే అడుగుదామండీ. మర్చిపోకుండా రాసుకుందాం" అని కాగితం తీశాను. రౌండ్స్‌లో డాక్టరు ఎదురుగా నిలబడగానే ఏం అడగాలో మర్చిపోతున్నానని ఆవిడ చాలాసార్లు అన్నారు. మళ్లీ వస్తుందా అన్నది మొదటి ప్రశ్న. కాలు ఎందుకు ఈడుస్తున్నాడు, స్టెరాయిడ్ ఆపితే ఈ కోపం తగ్గుతుందా, బడికి ఎప్పుడు పంపొచ్చు అన్నవి తర్వాతివి. నాలుగోది చెబుతున్నప్పుడు గొంతు వణికింది. మడత పెట్టి ఫోన్ కవరులో పెట్టుకున్నారు.

వచ్చేటప్పుడు "వచ్చే వారం రానా?" అని వాణ్ని అడిగాను. కాసేపు ఆలోచించి "తెలీదు" అన్నాడు. పుస్తకం పెట్టినచోటే ఉంది.

లాకర్లోంచి నా సామాన్లు తీసుకుని బయటి గదిలోకి వస్తే వాళ్లక్క కనబడింది. తొమ్మిదేళ్లుంటాయి. చిన్నపిల్లల్ని లోపలికి రానివ్వరు కాబట్టి శనివారాలన్నీ ఆ పిల్లకి ఆ కుర్చీలోనే గడుస్తాయి. వచ్చినవాళ్లందరూ తమ్ముడి గురించే అడుగుతారు. బ్యాగులోంచి బయటికి వేలాడుతున్న స్టెతస్కోపు చూసి "నాది కూడా వింటావా?" అంది.

కూర్చోబెట్టి, నిమిషంపాటు విన్నాను. తర్వాత చెవులకి తనకే పెట్టాను. కళ్లు పెద్దవి చేసుకుని కదలకుండా వింది.

"తమ్ముడిదీ ఇలాగే కొట్టుకుంటుందా?"

"ఇలాగే."

"నాది ఎంత?"

"92."

నోటుబుక్కులోంచి కాగితం చింపి మధ్యలో పెద్దగా 92 అని రాసింది, కింద తన పేరు రాసింది. సిస్టర్ దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరు తుడిచి, లోపలికి పట్టుకెళ్లారు.