మెడ మీద రెండు చుక్కలు

పొద్దున్నుంచీ చెవిలో చీము, ముక్కులో కండ, టాన్సిల్స్. మామూలు ఓపీ. ఒంటిగంట దాటాక, ఇక చీటీలు అయిపోయాయి అనుకుంటుంటే శ్రీకాకుళం వైపు పల్లె నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఏడేళ్ళ పిల్లాడు, వాళ్ళ అమ్మానాన్న, నాయనమ్మ. పిల్లాడి చొక్కా కాలరు కుడివైపు తడిసి అట్టకట్టి ఉంది.

మెడ కింది భాగంలో, తల పక్కకు తిప్పితే పొడుచుకొచ్చే పెద్ద కండరం ముందంచున సన్నటి చిల్లు. పుట్టినప్పటి నుంచీ ఉందట. జలుబు చేస్తే జిగటనీరు ఎక్కువ కారుతుందట. చుట్టూ కోసిన మచ్చ. ఎవరో సెగ్గడ్డ అనుకుని కోశారు. ఇంకెవరో గండమాల అని టీబీ మందులు రాయబోతే తండ్రే వద్దన్నాడు. మన దగ్గర మెడలో ఏది కనపడినా ముందు టీబీయే గుర్తుకొస్తుంది, అంత ఎక్కువ కూడా. కానీ పుట్టుకతోనే, సరిగ్గా ఆ చోట చిల్లు ఉంటే పేరు పెట్టడానికి పెద్దగా ఆలోచించక్కర్లేదు. సెకండ్ ఆర్చ్ ఫిస్టులా, అంటే పిండంలో మెడ తయారయ్యేటప్పుడు మూసుకోక మిగిలిపోయిన గొట్టం. ఇలా మెడలో మిగిలే బ్రాంకియల్ లోపాల్లో 90 శాతం పైగా ఈ రెండో ఆర్చ్‌వే.

ఎందుకొచ్చిందని తల్లి నన్ను అడిగేలోపే నాయనమ్మ జవాబు చెప్పేసింది. "కడుపుతో ఉండి గ్రహణం పూట కత్తిపీట ముట్టుకుంది డాక్టరమ్మా. చెప్తే వింటేనా!"

కోడలు తల దించుకుంది. ఆ ఇంట్లో అది పాత మాటేనని చూడగానే తెలిసింది.

"ఆ గ్రహణం ఎన్నో నెలలో వచ్చిందమ్మా?"

"ఆరో నెల."

కాగితం తీసి బొమ్మ గీశాను. ఓపీలో ఇంత తీరిక ఉండదు గానీ ఆ అమ్మాయి మొహం చూశాక గీయకుండా పంపలేకపోయాను. నాలుగో వారంలో, పిండం అర సెంటీమీటరు కూడా లేనప్పుడు, మెడ రావాల్సిన చోట రెండు పక్కలా వరసగా ఉబ్బులు లేస్తాయి. అవే బ్రాంకియల్ ఆర్చ్‌లు. లెక్కకు ఆరు, ఐదోది మనిషిలో నిలవదు. ఉబ్బుకీ ఉబ్బుకీ మధ్య బయటివైపు ఒక గాడి, లోపల గొంతువైపు ఒక సంచి. 1825లో రాత్కే అనే జర్మన్ శాస్త్రవేత్త పంది పిండాల్లో ఇవి చూసి చేప మొప్పలతో పోల్చాడు. మనకు మొప్పలు ఏ దశలోనూ రావు. మొదటి గాడి మాత్రం నిలిచి చెవి రంధ్రం అవుతుంది. రెండో ఆర్చ్ కిందికి పెరిగి మిగతా మూడు గాళ్ళనూ కప్పేస్తుంది. ఆ కప్పు కింద చిక్కిన ఖాళీ ఏడో వారం అయ్యేసరికి మాయమవ్వాలి. అవ్వకుండా లోపలే మూసుకుపోయి మిగిలితే నీటిగడ్డ. చర్మం మీదికి తెరుచుకుంటే చిల్లు. అటు టాన్సిల్ దాకా కూడా దారి ఉంటే ఫిస్టులా.

ఈ వారాలు పిండం ఏర్పడిన రోజు నుంచి లెక్క. నాలుగో వారం అంటే ఆమెకు నెల తప్పి రెండు వారాలు. ఆరో నెల గ్రహణం నాటికి ఈ పనంతా ముగిసి మూడు నెలలు. ఆమె కత్తిపీట ముట్టుకున్నా, రోజంతా పడుకున్నా ఈ చిల్లు ఉండేదే. ఇదంతా నాయనమ్మకే చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు. "మీరు చదువుకున్నోళ్ళు" అంది, అంతే.

మెడ ఎడమవైపు చూస్తే అదే ఎత్తులో ఇంకో చుక్క. కారడం లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. రెండు పక్కలా ఉందంటే చెవులు చూడకుండా వదలకూడదు. చెవిలోని చిన్న ఎముకలు మొదటి, రెండో ఆర్చ్‌ల నుంచే పుడతాయి. పిల్లాడి రెండు చెవుల ముందూ సూది గుచ్చినట్టు గుంటలున్నాయి. తండ్రి తల వంచి "ఇవి నాకూ ఉన్నాయి మేడమ్" అన్నాడు. నాయనమ్మను అడిగితే కమ్మలు సర్దుకుంటూ కాసేపు మాట్లాడలేదు. ఆవిడకు కుడి చెవి ముందు ఒకటుంది.

ఒట్టి గుంటలే అయితే చాలామందికి ఉంటాయి, వాటితో ఏ ఇబ్బందీ లేదు. కానీ మెడలో చిల్లులు, చెవి ముందు గుంటలు, వంశంలో వరస, మూడూ కలిస్తే మెడ, చెవి, కిడ్నీలకు వంశంలో వచ్చే బ్రాంకియో ఓటో రీనల్ సిండ్రోమ్‌ని అనుమానించాలి. చాలా కుటుంబాల్లో ఈవైఏ1 అనే జన్యువులో మార్పు దొరుకుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. వినికిడి తగ్గొచ్చు, కిడ్నీలు సరిగ్గా ఏర్పడకపోవచ్చు. గుంటలున్న ముగ్గురినీ వినికిడి పరీక్షకి పంపాను.

వాళ్ళు వచ్చేలోపు మా ఫస్టియర్ పీజీ ఫిస్టులా దారి గురించి అడిగాడు. అది నాకు ఇష్టమైన పాఠం. పుస్తకంలో ఉన్నట్టు బట్టీ కొట్టక్కర్లేదు. తన ఆర్చ్ నుంచి పుట్టినవాటి కిందుగా (లోపలివైపు), తర్వాతి ఆర్చ్ నుంచి పుట్టినవాటి మీదుగా (చర్మంవైపు) పోతుంది. అందుకే దవడ కింది డైగాస్ట్రిక్ కండరం వెనక భాగం కిందుగా దూరి, గొంతుకి వెళ్ళే గ్లాసోఫారింజియల్ నరం మీదుగా, మెడలోని పెద్ద రక్తనాళాలు బయటి కెరోటిడ్‌కీ లోపలి కెరోటిడ్‌కీ మధ్య నుంచి టాన్సిల్ గుంటలోకి చేరుతుంది. నాలుక నరం హైపోగ్లాసల్ కూడా దాని కిందే ఉంటుంది. ఆపరేషన్‌లో మొత్తం మెడ తెరవం. కింద చిన్న కోత పెట్టి చిల్లు చుట్టూ విడదీసి, పైన ఇంకో చిన్న కోతలోంచి గొట్టాన్ని లంగా బొందు లాగినట్టు బయటికి లాగుతాం. ముక్క మిగిలితే మళ్ళీ వస్తుంది. ఇంతకుముందు కోసినచోట అతుక్కుపోయి ఉంటుంది కాబట్టి వీడిది కాస్త కష్టమే.

మాటల్లో పోయిన వారం వచ్చిన చుట్ట తాగే పెద్దాయన సంగతి వచ్చింది. యాభై దాటాక మెడలో నీటిగడ్డ మొదటిసారి కనపడితే బ్రాంకియల్ సిస్ట్ అని రాసి ఊరుకోవద్దని పీజీకి గట్టిగా చెప్పాను. టాన్సిల్, నాలుక మొదలు, థైరాయిడ్ చూడాలి. అక్కడి క్యాన్సర్ మెడలోని లింఫ్ గ్రంథికి పాకితే కూడా అది అచ్చం నీటిగడ్డలాగే ఉంటుంది. ఆ వయసులో ముందు అది కాదని తేల్చాలి.

రిపోర్టులు వచ్చాయి. నాయనమ్మకు వయసుకు తగ్గట్టే. పిల్లాడికి కొద్దిగా లోపం. తండ్రికి రెండు చెవుల్లోనూ బాగానే తగ్గింది, లోపలి చెవిదీ మధ్య చెవిదీ కలిసి. నాయనమ్మ కాగితం మీద గీతల వైపు చూసి, "చిన్నప్పటి నుంచీ పిలిస్తే పలికేవాడు కాదు. పొగరనుకున్నాం" అంది. అతను వినిపించిందో లేదో గానీ నవ్వాడు.

ముగ్గురికీ కిడ్నీ స్కాన్ రాశాను. అది చూశాకే మత్తు డాక్టరుతో మాట్లాడి ఆపరేషన్ తేదీ. తనకెందుకు స్కానని నాయనమ్మ పేచీ పెట్టింది. కోడలు ఏమీ అనకుండా మూడు చీటీలూ తీసుకుని, స్కాన్ గది ఎటని నర్సుని అడిగింది.