ఆపరేషన్ నాకు, సంతకం మా ఆయనది

ఇప్పుడు హిమోగ్లోబిన్ పదకొండు దాటింది, మెట్లెక్కినా ఆయాసం రావట్లేదు, అందుకే ఒక ఆస్పత్రిలో నన్నడక్కుండానే నా గర్భసంచి తీసెయ్యబోయిన సంగతి ఇన్నాళ్ళకి రాద్దామని కూర్చున్నా. మొన్నమొన్నటిదాకా ఆ ఆస్పత్రి ఉన్న రోడ్డు మీదుగా ఆటో వెళ్తే చాలు, నాకు చెమటలు పట్టేవి.

బ్లీడింగ్ ఆగకపోవడం, స్కూల్లో పాఠం చెప్తూ చెప్తూ పడిపోవడం, ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చడం, స్కానింగులు, ఇవన్నీ మామూలే. హిమోగ్లోబిన్ 5.8, గర్భసంచి లోపలి పొరలో ఫైబ్రాయిడ్ గడ్డ. అక్కడిదాకా ఎవరినీ ఏమీ అనను, టైముకి రక్తం తెప్పించి ఎక్కించింది కూడా వాళ్ళే.

సాయంత్రం రౌండ్స్‌కి డాక్టరమ్మ వచ్చారు. నా వైపు చూడనేలేదు, మా ఆయనతో అన్నారు, "ఇద్దరు పిల్లలున్నారు కదండీ, ఇంకా ఆ సంచితో పనేముంది, తీసేస్తే పీడా పోతుంది. ఉంచుకుంటే రేపు క్యాన్సర్ అన్నా మేం చేసేదేం ఉండదు." నేను ఆ మంచం మీదే ఉన్నా, పూర్తి తెలివితో ఉన్నా. ఆవిడా ఆడమనిషే కదా, నన్నొక్క మాట అడిగితే ఏం పోయింది? క్యాన్సర్ అనే మాట వినగానే మా ఆయన చెయ్యి వణికింది పాపం, కౌంటర్ దగ్గర ఇంగ్లీషులో ఉన్న ఫారం మీద ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టేసి వచ్చారు. పొద్దున్నే ఆపరేషన్ అన్నారు.

ఆ రాత్రి రెండో బ్యాగు రక్తం ఎక్కుతుంటే ఒక్కసారిగా చలి మొదలైంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, మంచం కదిలిపోతోంది, నడుము విరిగిపోతున్నట్టుంది, అరుద్దామంటే గొంతు రావట్లేదు, అత్తమ్మ కింద చాప మీద నిద్రపోతోంది. నా పని అయిపోయింది అనుకున్నా, పిల్లల టెన్త్ క్లాస్, ఇంటర్ ఫీజులు అన్నీ గుర్తొచ్చాయి, భద్రాచలం రామయ్యా నువ్వే దిక్కు అని కళ్ళు మూసుకున్నా. నైట్ డ్యూటీ సిస్టర్ పరిగెత్తుకొచ్చి రక్తం ఆపేసి, సెలైన్ పెట్టి, ఇంజక్షన్ చేసి, చలి తగ్గేదాకా నా చెయ్యి వదల్లేదు. డ్యూటీ డాక్టర్ వచ్చేసరికి ఆ అమ్మాయి చెయ్యాల్సిందంతా చేసేసింది. తర్వాత నెమ్మదిగా నా చెవి దగ్గర, "అక్కా, ఆపరేషన్ ఫారం మీద మీ సంతకం లేదు, మీకిష్టమేనా?" అంది. ఉద్యోగం పోతుందని తెలిసి కూడా అడిగింది. ఆ తల్లి చల్లగా ఉండాలి.

పొద్దున నేను వద్దన్నా, ఇంకో డాక్టర్‌కి చూపించుకుంటా అన్నా. "చదువుకున్నవాళ్ళతో ఇదే గోల" అన్నారు ఆవిడ. మాదే బాధ్యత అని రాయించుకున్నారు, బిల్లు మొత్తం కట్టించుకున్నారు, ఫైలు మాత్రం ఇవ్వం అన్నారు. మా మరిది లాయరు, వాడొచ్చాక గానీ దారికి రాలేదు. మెడికల్ కౌన్సిల్ 2002 నియమాల ప్రకారం పేషెంట్ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, అది వాళ్ళ దయ కాదు. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో కూడా ఉంది, జబ్బు గురించి తెలుసుకునే హక్కు, సెకండ్ ఒపీనియన్ హక్కు, రికార్డుల హక్కు అన్నీ. ఇంకోటి, సమీరా కోహ్లీ కేసని ఉంది, ఆవిడ మత్తులో ఉండగా వాళ్ళమ్మని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పేషెంట్ మేజర్, సొంతంగా చెప్పగలిగే మనిషి అయినప్పుడు తల్లి ఒప్పుకున్నా చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాణం మీదికొచ్చిన ఎమర్జెన్సీ అయితే వేరు, అప్పుడు ఆగమని ఎవరూ అనరు. మరి తల్లిదే చెల్లనప్పుడు మొగుడి సంతకం ఎలా చెల్లుతుంది?

హైదరాబాద్‌లో చూపించాం. ఆ డాక్టర్ గారు కాగితం మీద బొమ్మ గీసి గడ్డ ఎక్కడుందో చూపించారు, ముందు బయాప్సీకి, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్షకి పంపారు, క్యాన్సర్ లేదని తేలింది. కోత లేకుండా కింద నుంచే కెమెరా పెట్టి గడ్డ ఒక్కటే తీశారు. మా ఆయన అక్కడ కారిడార్‌లో కూర్చుని ఏడ్చారు. ఆయన మీద కోపం చాలావరకు పోయింది, ఆ ఖమ్మం డాక్టరమ్మ మీద మాత్రం పోలేదు.

మా అమ్మకి ముప్పై రెండేళ్ళకే గర్భసంచి తీసేశారు, అప్పట్నుంచీ నడుము నొప్పి, ఒళ్ళంతా మంటలు, ఎందుకు తీశారంటే ఇప్పటికీ చెప్పలేకపోతోంది, తనకి ఎవరూ చెప్పలేదు కాబట్టి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఈ ఆపరేషన్ అయిన ఆడవాళ్ళ శాతంలో దేశం మొత్తం మీద ముందుండేది మన రెండు తెలుగు రాష్ట్రాలే. కొందరికి నిజంగా అవసరమే, కాదనను. కానీ గడ్డ ఒక్కటే తీయొచ్చా, మందులతో తగ్గుతుందా, అండాశయాలు కూడా తీస్తారా అని అడగండి, తెలుగులో చెప్పమనండి, రిపోర్టులన్నీ ఎప్పటికప్పుడు ఫోన్లో ఫొటో తీసుకోండి. విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

మా వదినకి కూడా తీసెయ్యాలన్నారంట వేరే ఆస్పత్రిలో. సోమవారం హైదరాబాద్ తీసుకెళ్తున్నా, అక్కడా ఫైలు ఇచ్చేది లేదంటున్నారని నిన్న ఫోన్ చేసింది, మరిదిని పంపించా.