రాజమండ్రి వస్తే గోదారి వేళల్ని బట్టి తిరగండి

రాజమండ్రికి టికెట్లు తీసుకునే ముందు గోదావరి ఎంతలో ఉందో కనుక్కోండి. ఇక్కడ చూడదగ్గవి చాలావరకు ఏటి గట్టునో, ఏటి మీదో, ఆ నీళ్లు పారే నేలలోనో ఉన్నాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా వరదల కాలం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అప్పటికే లాంచీలూ, ఏరు దాటించే పంట్లూ ఆగిపోయి ఉంటాయి, రేవుల్లో స్నానాలకు దిగనివ్వరు. ఈ సంగతి కాస్త ముందే పసిగట్టొచ్చు. భద్రాచలం దగ్గర 43 అడుగులు దాటిందని వార్త వచ్చిందంటే ఆ నీరు ఇంచుమించు మర్నాటికి ఇటు దిగుతుంది. ఊరు తీరిగ్గా తిరగాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రండి. ఎర్రనీటితో ఒడ్డులు ఒరుసుకుని పారే గోదారిని చూడాలనుకుంటే మాత్రం ఆగస్టే. పడవ మీద ఆశ వదులుకుని, గట్టు మీద నుంచే చూడాలి.

స్నానానికి పుష్కర ఘాట్, కోటిలింగాల రేవు ముఖ్యమైనవి. పుష్కర ఘాట్ గోదావరి స్టేషను పక్కనే. ఆ స్టేషన్లో ఆగే రైళ్లు తక్కువ, ఎక్కువ బళ్లు రాజమండ్రి స్టేషన్లోనే ఆగుతాయి. అక్కణ్ణుంచి ఆటోలో రావాలి. మార్కండేయస్వామి గుడి కూడా రేవుకు దగ్గరే, స్నానం అయ్యాక చాలామంది అటే వెళ్తారు. తెల్లవారుతూనే వస్తే జనం పల్చగా ఉంటారు, మెట్లూ శుభ్రంగా ఉంటాయి. జాగ్రత్తంతా కింది మెట్ల దగ్గరే కావాలి. ఎప్పుడూ నీళ్లలో నానే ఆ రెండు మూడు మెట్లకు పాకుడు పట్టి ఉంటుంది. నిలబడి దిగబోతే కాలు జారుతుంది. పై మెట్టు మీద కూర్చుని, గొలుసు పట్టుకుని కాలు దింపండి. చివరి మెట్టు దాటితే ఒక్కసారిగా లోతు. నది మధ్యలో తేలిన ఇసుక తిన్నెలు ఎంత ఊరించినా అక్కడ ఈతకు దిగొద్దు. ఇసుక తవ్విన గోతులు పైకి కనపడవు, మోకాలి లోతు నీళ్ల పక్కనే నిలువెత్తు గుంట ఉండొచ్చు. 2027లో పుష్కరాలు వస్తున్నాయి, ఆ పన్నెండు రోజులూ ఈ లెక్కలేవీ పనికిరావు. పెద్దవాళ్లనూ పిల్లలనూ తీసుకొచ్చేవాళ్లు మొదటి రోజు, మొదటి గంటల తొక్కిడి తప్పించుకోవాలి. 2015 జులై 14న పుష్కర ఘాట్‌లో ప్రాణాలు పోయింది ఆ మొదటి ఉదయపు రద్దీలోనే.

ఊరు గోదారికి తూర్పు ఒడ్డున ఉంది కాబట్టి పొద్దు ఏటికి అవతల, కొవ్వూరు వైపు గుంకుతుంది. సాయంత్రం గట్టుకు రమ్మని అందరూ చెప్పేది అందుకే. డిసెంబరులో ఐదున్నర ప్రాంతానికే పొద్దు వాలిపోతుంది, మే నెలాఖరుకు ఆరున్నర అవుతుంది. ఓ ముప్పావుగంట ముందే వచ్చి కూర్చుంటే వంతెనలు ఒక్కొక్కటీ రంగు మారడం చూడొచ్చు. రాతి స్తంభాల మీద ఇనప గడ్డర్లతో నిలిచింది హేవలాక్ వంతెన. స్తంభాల మధ్య 56 ఖానాలు, 1900లో రైళ్లు మొదలై 1997లో ఆగిపోయాయి. దాని బదులు కట్టిందే విల్లుల్లా వంగిన కాంక్రీటు ఆర్చీల వంతెన, మొత్తం 28 ఆర్చీలు. ఇంకొకటి 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన. కింద రైలు, పైన బస్సులు. చీకటి పడ్డాక పుష్కర ఘాట్‌లో గోదారికి హారతి ఇస్తారు. ముందు వరస దొరకాలంటే సూర్యాస్తమయం అవుతూనే మెట్ల మీద చోటు చూసుకోవాలి.

పొద్దుపొడుపు చూడాలంటే ఇదే ఊరిని అవతలి ఒడ్డు నుంచి చూడాలి. చీకటితోనే బయల్దేరి వంతెన మీదుగా కొవ్వూరు గోష్పాద క్షేత్రం రేవుకు వెళ్లండి, సూర్యుడు రాజమండ్రి వెనక నుంచి లేస్తాడు. రాజమండ్రి చూడ్డానికి వచ్చి ఈ ఒక్కటీ వదిలేసేవాళ్లే ఎక్కువ, నా లెక్కలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. వంతెన మీద మాత్రం ఫొటో కోసం బండి ఆపొద్దు. ఉన్నది రెండు వరసల రోడ్డు, ఒక్క బండి ఆగినా వెనక బారు కట్టేస్తుంది.

ధవళేశ్వరానికి ఒక పూట పూర్తిగా కేటాయించండి. అక్కడ గోదారి మధ్యలో లంకలు ఉండడంతో ఆర్థర్ కాటన్ 1847 నుంచి 1852 దాకా ఆనకట్టను నాలుగు ముక్కలుగా కట్టించాడు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. ఇప్పుడున్న 175 గేట్ల బ్యారేజీ తర్వాతి కాలంలో వచ్చింది, దానికి ఆయన పేరే పెట్టారు. రాజమండ్రి దగ్గర వరదలు లేని నెలల్లోనూ ఏరు నిండుగా కనపడుతోందంటే ఈ కట్ట వెనక నిలిచిన నీరే కారణం. ముందుగా కాటన్ మ్యూజియం చూసి తర్వాత బ్యారేజీ మీదికి వెళ్లండి. లోపలి నమూనాలు చూశాక, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలవలు ఎక్కడెక్కడ విడిపోతాయో బయట నిలబడి మీరే గుర్తుపట్టగలుగుతారు. పది లక్షల ఎకరాలకు నీళ్లు వెళ్లేది ఈ తలుపుల నుంచే. ఇక్కడి పురోహితులు గోదావరి స్నాన సంకల్పంలో కాటన్ దొరను భగీరథుడితో పోల్చి తలుచుకుంటారు. ఆ ఆనకట్ట రాకముందు ఈ జిల్లాలు పడ్డ కరువు కష్టాలు తెలిసినవాళ్లకు అది వింతగా అనిపించదు.

అదే దారిలో బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా వెళ్తే ఆత్రేయపురం. పూతరేకులు రాజమండ్రి కొట్లలోనూ దొరుకుతాయి, కానీ రేకు తీయడం చూడాలంటే ఇక్కడికే రావాలి. బోర్లించిన కుండ కింద ఎండాకుల మంట పెడతారు. బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి, పాలలా పల్చగా కలిపిన పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగుతారు. గుడ్డ దాటేసరికే రేకు ఆరిపోయి అంచు లేస్తుంది, రెండు చేతులతో ఎత్తి పక్కన పేరుస్తారు. మంట ఎక్కువైతే రేకు చిల్లులు పడుతుంది, తగ్గితే కుండకు అంటుకుంటుంది. అందుకే తీసేవాళ్ల కన్ను సగం మంట మీదే ఉంటుంది. కొనేటప్పుడు ఏ రోజు చుట్టినవో అడగండి. పంచదారవి బెల్లం వాటికన్నా ఎక్కువ రోజులు ఆగుతాయి. చెమ్మ తగిలితే రేకు మెత్తబడి సాగుతుంది కాబట్టి డబ్బా మూత గట్టిగా పెట్టాలి, పైన బరువు వేయకూడదు. ఆత్రేయపురం దాకా వచ్చాక ర్యాలి జగన్మోహినీ కేశవస్వామిని చూడకుండా వెనక్కి రావొద్దు. ఒకే రాతిలో ముందువైపు విష్ణువు, వెనకవైపు మోహిని.

వర్షాకాలంలో వచ్చినవాళ్లందరూ అడిగేది పులస. సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీది గోదారిలోకి వచ్చిన చేప ఇది, దొరికేది జులై నుంచి సెప్టెంబరు దాకానే. ఒక్క చేప వేల రూపాయలు పలుకుతుంది. ఆ ధర చూసి బయటి రాష్ట్రాల నుంచి ఐసులో వచ్చిన విలసను (అదే జాతి సముద్రపు చేప) పులసని అమ్మేవాళ్లున్నారు. తెలిసిన మనిషి తోడు లేకుండా రేవులో బేరం చేయొద్దు. హోటల్లో తింటే ముందు రోజు వండిన పులుసు ఉందా అని అడగండి, మట్టిదాకలో ఒక రాత్రి నిలిచిన పులుసుకే రుచి. మిగతా కాలాల్లో కోటగుమ్మం దగ్గర చిక్కటి పాలతో చేసే రోజ్‌మిల్క్ తాగండి, మధ్యాహ్నపు ఎండలో దానికి సాటి లేదు.

ఊళ్లో ఎండపూట గడపడానికి రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం, దామెర్ల రామారావు చిత్రశాల ఉన్నాయి. శుక్రవారాలూ ప్రభుత్వ సెలవులూ కాకుండా పెట్టుకోండి. 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయిన దామెర్ల బొమ్మల ముందు తొందరపడకుండా నిలబడాలి. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు, 1890 నాటి టౌన్‌హాలు కూడా ఈ ఊళ్లోవే.

పాపికొండలకు ఒక రోజు పూర్తిగా పడుతుంది. పోలవరం కట్టడం అడ్డు రావడంతో రాజమండ్రి రేవు నుంచి లాంచీ నేరుగా వెళ్లే వీలు లేదు. బస్సులో గండిపోచమ్మ రేవు దాకా వెళ్లి అక్కడ ఎక్కాలి. పొద్దున్నే బయల్దేరి, పేరంటాలపల్లి చూసుకుని, సాయంత్రానికి తిరిగొస్తారు. కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరులో లాంచీ మునిగింది వరద నీటిలో వెళ్లినందుకే. కాబట్టి రేవులో కంట్రోల్ రూము అనుమతి ఉన్న లాంచీ ఎక్కండి. లైఫ్ జాకెట్టు బకిల్స్ అన్నీ బిగించుకోండి, భోజనం చేసేటప్పుడూ విప్పొద్దు. కొండలు దగ్గర పడ్డచోట అందరూ ఫొటోలకు ఒకే పక్కకు చేరతారు, మీరు అటు వెళ్లకండి.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు పొద్దున కడియం వెళ్లండి. కడియపులంక, బుర్రిలంక నర్సరీలు హైవే పక్కనే ఉంటాయి. మామిడి, జామ కొనేటప్పుడు అంటు మొక్కో విత్తనం మొక్కో అడిగి, అంటు కట్టినచోట కాండం మీద కాయ కట్టినట్టున్న గుర్తు మీరే చూసుకోండి. సంచి అడుగు నుంచి వేళ్లు బాగా బయటికి వచ్చిన మొక్క ఎప్పటినుంచో అక్కడే ఉండిపోయినట్టు, దాన్ని వదిలేయండి. తీసుకెళ్లే ముందు రోజు నీళ్లు పోయించి, తడి బరువు తగ్గాక గోనెపట్టాలో కట్టించండి. బయల్దేరేముందు నీళ్లు పోస్తే మట్టి జారి వేళ్లు తెగుతాయి. గ్రీన్‌నెట్ కింద పెరిగిన మొక్కను ఇంటికి వెళ్లగానే ఎండలో పెడితే రెండు రోజుల్లో ఆకు మాడిపోతుంది. వారం పది రోజులు నీడపట్టున ఉంచి, తర్వాతే కుండీలోకి మార్చండి.